ఆవాల దిండు

పెట్టె సర్దడం కూడా ఒకరు నేర్పాలా అనుకున్నదాన్ని నేను. ఇరవై రెండేళ్లుగా మా ఊరి అంగన్‌వాడీలో నలభై మంది పిల్లల్ని, వాళ్ల ముక్కుల్ని, పళ్లేల్ని, కోడిగుడ్లని, పది రకాల రిజిస్టర్లని ఒంటిచేత్తో సర్దుకొస్తున్నాను. ముప్పై కిలోల పెట్టె నాకొక లెక్కా? అందుకే మస్తానక్కని పిలవద్దన్నాను. మా ఆయన కృపాకర్ సరేనన్నట్టే తలూపి, సాయంత్రానికి ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు. మార్కాపురం పలకల కార్ఖానాలో ముప్పయ్యేళ్లు పనిచేసిన మనిషి. మాటలన్నీ ఆ మిషన్ల మోతలోనే అయిపోయినట్టు ఇప్పుడు పొదుపుగా మాట్లాడతాడు. తను అనుకున్నది మాత్రం చేసి తీరతాడు.

నా ప్రయాణం సరదాకి కాదు. మా అమ్మాయి ఫెబీ షార్జాలో నర్సు. అల్లుడు వెస్లీకి అక్కడే ఒక గోడౌనులో ఉద్యోగం. పోయినేడు ఏడో నెలలో ఫెబీకి కడుపు పోయింది. అప్పుడు నాకు పాస్‌పోర్టు లేదు. పది రోజులు ఫోనులో దాని ఏడుపు విన్నాను తప్ప, ఒక గ్లాసు వేడినీళ్లు దాని చేతికి ఇవ్వలేకపోయాను. ఇప్పుడు మళ్లీ ఎనిమిదో నెల. మంచం దిగొద్దని డాక్టరు చెప్పింది. పాస్‌పోర్టు వచ్చింది, వీసా వచ్చింది, శుక్రవారం తెల్లవారి విమానానికి టికెట్టు వచ్చింది. ఈసారి నేను దాని పక్కన ఉండాలి. నాకు కావలసింది అదొక్కటే.

మస్తానక్క పన్నెండేళ్లు షార్జాలో ఒక ఇంట్లో వంట చేసి, నాలుగేళ్ల కిందట తిరిగొచ్చింది. మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. బడి వెనక రెండు గదుల ఇల్లు కట్టుకుని ఒక్కతే ఉంటుంది. మనిషి మంచిదే. అయితే ఆమె ఏది చెప్పినా హుకుం జారీ చేసినట్టే ఉంటుంది, నాకేమో హుకుములంటే చిన్నప్పటినుంచీ పడదు.

వచ్చీ రాగానే నేను రెండు రోజులుగా సర్దిన పెట్టెను చాప మీద బోర్లించింది. మా చర్చి సంఘంలో ఆడవాళ్లు తలా ఒకటి తెచ్చి ఇచ్చారు. శొంఠి, వాము, వెల్లుల్లి, గోంగూర పచ్చడి, జొన్నపిండి, బాలింతకు పెట్టే కాయం, పుట్టబోయే బిడ్డకని మెత్తబడిన పాత చీరలు. కూలికి పోయేవాళ్లు, వాళ్లకే చాలీ చాలని ఇళ్ల నుంచి తెచ్చినవి. మస్తానక్క ఒక్కో పొట్లం విప్పి, వాసన చూసి, వేలితో రాసి, కొన్ని ఇటు, కొన్ని అటు పెట్టింది.

“ఇదేంది?”

“వాము.”

“ఇది?”

“మసాలా పొడి. మగ్దలీనమ్మ ఇచ్చింది.”

“దీంట్లో ఏమేం వేసి కొట్టిందో నువ్వు చూసినావా?”

“కోడికూరలో వేసే పొడికి కూడా సాక్షులు కావాలా అక్కా?”

“కావాల.” ఆమె నవ్వలేదు. “గసగసాలు ఉంటే ఆడ ఒప్పుకోరు. నల్లమందు గింజల కిందే లెక్క కడతారు. ఎవురిచ్చిందైనా సరే, విప్పి చూడకుండా పెట్టెలో పెట్టబాకు. నీ పెట్టెలో ఉంది నీదే. నాది కాదు, మా పక్కింటామె ఇచ్చిందంటే ఆడ వినేవాడు ఉండడు.”

మగ్దలీనమ్మ పొడి అవతలికి పోయింది. మూడు డబ్బాల్లో ఒక డబ్బా పచ్చడి పోయింది. నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఇచ్చినవాళ్ల మొహం నేను చూడాలి గాని ఈమె చూడక్కర్లేదు గదా అని నా కడుపుమంట. తర్వాత అంగన్‌వాడీలో పిల్లల్ని తూచే కాటాను దూలానికి తగిలించి పెట్టె తూచాం. ఆ కాటా ఇరవై ఐదు కిలోల దాకానే చూపిస్తుంది. అందుకని సగం బట్టలు తీసి ఒకసారి, ఆ బట్టలు మూటగట్టి ఒకసారి తూచాల్సి వచ్చింది. కృపాకర్ తెల్ల రంగు తెచ్చి పెట్టె మీద ‘రోజీ, అంగన్‌వాడీ టీచరు’ అని పెద్దక్షరాలతో రాశాడు. షార్జాలో తెలుగు ఎవరు చదువుతారయ్యా అంటే, “నువ్వు చదువుతావు గదా” అన్నాడు.

బుధవారం పొద్దున రోశమ్మ పెద్దమ్మ వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, కర్ర పట్టుకుని, రెండు వీధులు దాటి. మా అమ్మ బతికినంత కాలం వాళ్ల చేలోనే పనిచేసింది. పనికీ కబురుకీ మేము వాళ్లింటికి పోవడమే గాని, ఆమె మా గడప తొక్కడం నాకు తెలిసి అదే మొదటిసారి. నేను కుర్చీ తుడుస్తుంటే ఆమె చాప మీదే కూలబడింది.

ఆమెకు నేను పడ్డ రుణం చిన్నది కాదు. ఫెబీ పుట్టింది నడి ఎండాకాలం. మా వైపు నీళ్ల సంగతి తెలిసిందే. ట్యాంకరు వస్తే బిందెలతో కొట్టుకునే రోజులు. అప్పుడు ఆమె తన చేలో బోరు నుంచి నెల రోజులు, రోజూ రెండు బిందెలు, బాలింతకని మా ఇంటికి పంపింది. ఆ నీళ్లతోనే ఫెబీ మొదటి స్నానం చేసింది.

పెద్దమ్మ సంచిలోంచి చిన్న దిండు తీసింది. పసుపుపచ్చ పాత నూలు చీరతో కుట్టిన దిండు, చేటంత కూడా లేదు. మా వైపు పసిబిడ్డ తల గుండ్రంగా రావాలని ఆవాలు పోసిన దిండు మీద పడుకోబెడతారు. తల ఎటు తిప్పితే అటు ఆవాలు సర్దుకుంటాయి.

“నా చేత్తో కుట్టినా. కళ్లు ఆనకపోయినా ఎవురి చేతా కుట్టించలేదు” అంది. “పోయినసారి బిడ్డకి నేనేమీ ఇయ్యకపోతిని. ఈసారి అట్ల కాకూడదు. రోజీ, ఒకటి చెప్తా విను. బిడ్డకని కుట్టిన దిండు పుట్టకముందే విప్పకూడదు. మంచిది కాదు. విప్పబాకు.”

నేను దిండు కళ్లకద్దుకున్నాను. మాకు శకునాలు లేవని పాస్టరుగారు ప్రతి ఆదివారం చెబుతారు. నేనూ ఆమెన్ అంటాను. కానీ ఒకసారి కడుపు పోయిన కూతురి తల్లికి అన్ని శకునాలూ ఉంటాయి.

ఆ మధ్యాహ్నం మస్తానక్క ఆఖరిసారి చూసిపోదామని వచ్చింది. దిండును చీరల మడతల మధ్య పెట్టి ఉంచాను. ఆమె చెయ్యి నేరుగా దాని మీదికే పోయింది.

“ఇది మొన్న లేదే.”

“రోశమ్మ పెద్దమ్మ ఇచ్చింది. ఆవాల దిండు.”

ఆమె బొటనవేలు, చూపుడువేలు మధ్య దిండు మూలను పట్టుకుని నలిపింది. ఇంకో మూల నలిపింది. “ఆవాలు కాదు ఇవి. ఆవాలైతే వేళ్ల కింద దొర్లుతాయి. ఇది రవ్వ మాదిరి జారతా ఉంది. కత్తెర తీసుకురా.”

“సన్న ఆవాలు. విప్పేది లేదక్కా.”

“విప్పకుండా నువ్వు ఇది తీసుకపోయేది లేదు.”

“పెద్దమ్మ విప్పొద్దని చెప్పింది. ఫెబీకి ఒకసారి అట్ల జరిగినాక నేను మళ్లా ఏ కీడుకీ తెగించలేను. ఇంక నీ సోదా చాలు.”

“చెల్లే, నా మాట విను...”

“నువ్వే విను. కనీ పెంచీ ఉంటే నీకు తెలిసేది. బిడ్డ దిండు సంగతి నీకేం తెలుసు?”

ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. వచ్చేసింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పిల్లలకు రోజూ చెప్పే టీచరమ్మను నేను. మస్తానక్క దిండును చీరల మీద మెల్లగా పెట్టింది. చెప్పులు వేసుకుంది. గుమ్మం దాటి వెళ్లిపోయింది. ఆమె ఏదైనా తిట్టి ఉంటే నాకు బాగుండేది.

ఆ పూట నేను అన్నం ముట్టలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దిండు విప్పితే పెద్దమ్మ మాట దాటినట్టు, బిడ్డకు కీడు. విప్పకపోతే ఏమో. ఇంట్లో వదిలేసి పోదామా అంటే, అంత దూరం నడిచొచ్చి ఇచ్చిన దిండును గూట్లో పడేసి పోవడానికి మనసొప్పదు. కృపాకర్ అన్నం తిని చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు నోరు విప్పాడు.

“విప్పితే ఏం పోతదో పెద్దమ్మ చెప్పింది. విప్పకపోతే ఏం పోతదో మస్తానమ్మ చెప్పింది. కుట్టినామె ఊళ్లోనే ఉంది గదా. పోయి అడిగితే పోలా?”

ఇంత చిన్న ఉపాయం నాకు తట్టలేదు. నలభై మందిని సర్దేదాన్నట.

గురువారం పొద్దున్నే దిండు సంచిలో పెట్టుకుని పెద్దమ్మ ఇంటికి పోయాను. మధ్యాహ్నం రెండుకు హైదరాబాదు బస్సు. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని కందులు బాగు చేస్తోంది. సూటిగా అడగడానికి భయపడి చుట్టూ తిప్పాను.

“దిండు భలే మెత్తగా ఉంది పెద్దమ్మా. ఏడవి ఈ ఆవాలు? మన చేలోవేనా?”

ఆమె మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. ఎవరైనా అడగాలనే ఎదురుచూస్తున్నట్టుంది.

“ఆవాలంట! పిచ్చిదానా, గసగసాలే అవి. ఆవాలు గట్టిగా ఒత్తుకుంటాయి. పోయిన బిడ్డ ఎట్లాగూ పోయింది, ఈ బిడ్డ తలకి గట్టిది ఏదీ తగలకూడదని. మనవడి బండెక్కి మార్కాపురం పోయి మూడు దుకాణాలు తిరిగినా. ఒక్కడి దగ్గరా అంత లేకపోతే తలా కొంచెం కొన్నా.”

అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. పావుకిలో పొడిలో చిటికెడు కూడా ఉండకూడదని మస్తానక్క చెప్పిన గింజలు, దిండు నిండా, పసిబిడ్డ పేరు చెప్పి, కుట్లేసి దాచినట్టుగా నా పెట్టెలో. ఆ దేశంలో ఎవరైనా అది చూసి ఏమనుకుంటారు? నేను చెప్పే తెలుగు మాట ఎవరికి ఎక్కుతుంది? ఫెబీ మంచం మీద నా కోసం చూస్తూ ఉండేది. నేను ఎక్కడో ఒక గదిలో కూర్చుని ఉండేదాన్ని. దానికి మళ్లీ ఏమైనా అయితే కారణం నేనే అయ్యేదాన్ని.

చెప్పకుండా ఉండటానికి వీల్లేదు. చెప్పాను. నల్లమందు అన్న మాట దగ్గర గొంతు తగ్గించి, ఆమె తప్పేమీ లేదని నాలుగుసార్లు కలిపి చెప్పాను. పెద్దమ్మ కందుల చేట పక్కన పెట్టింది. తన చేతుల వైపు చూసుకుంది.

“కూరలో వేసుకునేదే గదా రోజీ.”

“మనకి కూరలోదే పెద్దమ్మా. వాళ్లకి కాదు.”

“ప్రేమగా కుట్టినా. నిన్ను జైల్లో పెట్టించడానికి కుట్టినానా?”

ఆమె కళ్లలో నీళ్లు చూసి నేనూ ఏడ్చాను. కాసేపటికి ఆమే తేరుకుని లోపలికి కేకేసి కత్తెర తెప్పించింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. విప్పకూడదన్నావు గదా పెద్దమ్మా, కీడేమో అన్నాను.

“కుట్టింది నేను. నేను విప్పితే కీడెట్లయితది? ఆ మాట చెప్పింది ఎవురు, నేనే గదా” అంది. ముక్కు తుడుచుకుని, ఒక్కో కుట్టూ తెంచింది.

గసగసాలు గిన్నెలోకి పోసింది. దిండు గుడ్డను తిరగేసి, మూలల్లో ఇరుక్కున్న గింజ కూడా లేకుండా మూడుసార్లు ఉతికి బండ మీద ఆరేసింది. ఏప్రిల్ ఎండకు పావుగంటలో ఆరిపోయింది. కుండలోంచి ఆవాలు తీసి, వాటిల్లోనూ సన్నవి మాత్రమే జల్లెడ పట్టింది. నేను గుడ్డ మూతి పట్టుకుంటే ఆమె దోసిలితో పోసింది. కుట్టేటప్పుడు మాత్రం సూదిలోకి దారం ఎక్కించమని నాకిచ్చింది.

“ఎవురు కనిపెట్టినారు?” అని అడిగింది, దారం కొరుకుతూ.

“మస్తానక్క.”

“ఆమె లేకపోతే ఏమయ్యేది?”

నిన్న నేను ఆమెను ఏమన్నానో మాత్రం చెప్పలేదు. పెద్దమ్మ నా మొహం చూసి, చెప్పకపోయినా సగం అర్థం చేసుకున్నట్టుంది. “పో, పోయి కనపడిపో” అంది.

పరుగులాంటి నడకతో బడి వెనక్కి పోయాను. తలుపుకు తాళం. పొద్దున్నే దర్శిలో చెల్లెలింటికి పోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. బస్సెక్కాక చేశాను. మాచర్ల దాటాక చేశాను. నా పేరు చూసి ఎత్తడం లేదనుకున్నాను. అందులో అన్యాయమేమీ లేదు. ఏ మనిషి నా కూతుర్ని కాపాడిందో, ఆ మనిషి గుండెలో పొడిచి వచ్చాను.

హైదరాబాదులో విమానం ఎక్కేదాకా ఉన్న కథ అందరి కథలాంటిదే. చెప్పులు విప్పించారు, నీళ్ల సీసా పారేయించారు, కిటికీ పక్క సీటు ఇచ్చారు. నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తూ కూర్చున్నాను.

షార్జాలో దిగి పెట్టె తీసుకున్నాను. అంతమంది పెట్టెల్లో నాది దూరం నుంచే కనబడింది. నా పేరు తెల్లగా కళ్లెదురుగా తిరుగుతూ వచ్చింది. మిషన్‌లోంచి పెట్టె పోయాక, యూనిఫాంలో ఉన్న ఒకామె నన్ను పక్కకు పిలిచింది. పెట్టె తెరవమని చేత్తో చూపించింది. పొట్లాలు చూసింది, పచ్చడి డబ్బాలు చూసింది. చీరల మడతల్లోంచి దిండు తీసి, ఒత్తి చూసి, ఏదో అడిగింది. ‘బేబీ’ అన్న నా మాట ఒక్కటే ఆమెకు అర్థమైంది. ఆమె చిన్న బ్లేడుతో దిండు మూల కోసింది. పళ్లెంలోకి ఆవాలు జలజలా రాలాయి. చిటికెడు తీసి అరచేతిలో పెట్టుకుని, దీపం కిందికి వంగి చాలాసేపు చూసింది. అంతసేపూ నాకు ఊపిరి ఆడలేదు. ఆవాలే అని తెలుసు, నేను మూతి పట్టుకుంటే పెద్దమ్మ పోసినవే అని తెలుసు, అయినా ఆడలేదు.

ఆమె తలెత్తి చిన్నగా నవ్వింది. రాలిన ఆవాలు మళ్లీ దిండులోకి పోసి, కోసిన చోట టేపు అంటించి, నా చేతికిచ్చి పొమ్మంది.

బయట వెస్లీ ఉన్నాడు. నన్ను చూసి ఎదురొచ్చి పెట్టె అందుకున్నాడు.

“ఫెబీ బాగుంది అత్తా. పొద్దున్నుంచి మీ కోసమే చూస్తా ఉంది. వచ్చినారని ఫోను చేస్తా, మాట్లాడండి.”

“దానికి చేద్దువులే నాయనా. ముందు మన ఊరికి కలుపు” అన్నాను. మస్తానక్క నంబరు చెప్పాను. ఎత్తదనే అనుకున్నాను. రెండో మోతకే ఎత్తింది.

“అక్కా, నేను, రోజీని. దాటినాను.”

“దిండు?”

“కోసి చూసినారు.”

అవతల పెద్దగా ఊపిరి వదిలిన శబ్దం వినిపించింది.

“అక్కా, నీ వల్లే నేను ఈడ నిలబడి ఉండా. నేనన్న మాటకి నన్ను...”

“ఫోను ఇంట్లోనే మర్చిపోయి పోయినా దర్శికి. రాత్రి వచ్చి చూస్తే పద్నాలుగుసార్లు చేసి ఉండావు, తిరిగి చేస్తే కలవలేదు” అంది మస్తానక్క, నా మాటకు అడ్డుపడి. “ఏడవబాకు. మనం తర్వాత మాట్లాడుకుందాం. రోశమ్మత్త తెల్లారి ఆరుకే వచ్చింది. నువ్వు దాటినట్టు నాకే ముందు తెలుస్తదని ఎవురో చెప్పినారంట. టీ ఇస్తే తాగలేదు, లోపలికి రమ్మంటే రాలేదు. నా చెయ్యి పట్టుకోని అరుగు మీదనే కూర్చోనుంది. ముందు ఆమెతో మాట్లాడు.”

ఫోను చేతులు మారిన చప్పుడైంది. “రోజీ” అంది పెద్దమ్మ. “నిన్ను పట్టుకోలేదు గదా?”

“లేదు పెద్దమ్మా” అన్నాను. ఆ పరాయి దేశంలో, అంతమంది మధ్య, దిండును గుండెకు హత్తుకుని నిలబడి ఏడ్చాను. వెస్లీ కంగారుపడి ఏమైంది అత్తా అంటున్నాడు. అవతల మా ఊళ్లో, అరుగు మీద, ఇద్దరూ ఒకేసారి “ఏడవబాకు, పో, బిడ్డ దగ్గరికి పో” అంటున్నారు.